టిప్పర్ సంపాదనతో నీళ్ల మీద పరుగు

మీ వీధిలో ఎవరో ఇల్లు కడుతుంటారు. ఇసుక టిప్పర్ వస్తుంది. డ్రైవర్ క్యాబిన్‌లోంచి దిగకుండానే లివర్ లాగుతాడు. వెనక తొట్టి ముందువైపు నుంచి మెల్లగా లేస్తుంది. ఇసుకంతా జారి కుప్పపడుతుంది. డ్రైవర్ తొట్టి దించేసి వెళ్లిపోతాడు. ఈ పని మనకు ఎంత మామూలైపోయిందంటే, తొట్టి కింద నుంచి మెరుస్తూ పైకి వచ్చే ఆ ఉక్కు కడ్డీ వంక ఎవరూ చూడరు. అది హైడ్రాలిక్ సిలిండర్. మీరు మెకానికలో సివిలో అయితే పాస్కల్ సూత్రం పేరుతో దాని గురించి పరీక్షలో రాసే ఉంటారు.

లారీకి ఆ సిలిండర్ బిగించి, అమ్మి, అమెరికా అంతా అలవాటు చేసిన మనిషి పేరు గార్ వుడ్. కానీ 1930 ప్రాంతంలో అమెరికాలో ఏ కుర్రాణ్ణి అడిగినా టిప్పర్ సంగతి చెప్పేవాడు కాదు. ప్రపంచంలో అందరికంటే వేగంగా మోటారు బోటు నడిపేది గార్ వుడ్డే అని చెప్పేవాడు. నీళ్ల మీద గంటకు 100 మైళ్లు దాటిన మొదటి మనిషి అతనే. ఆ పడవలకు డబ్బు ఎక్కడ్నుంచి వచ్చిందో ఆ కుర్రాడికి అక్కర్లేదు. ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు మాత్రం అది అవసరమైన సంగతే. అందుకే అటునుంచే మొదలుపెడుతున్నాను.

పూర్తి పేరు గార్‌ఫీల్డ్ ఆర్థర్ వుడ్. 1880 డిసెంబర్ 4న అయోవా రాష్ట్రంలోని మేపుల్టన్‌లో పుట్టాడు. అంతకు నెల ముందే అమెరికాలో ఎన్నికలయ్యాయి. జేమ్స్ గార్‌ఫీల్డ్ అధ్యక్షుడిగా, చెస్టర్ ఆర్థర్ ఉపాధ్యక్షుడిగా గెలిచారు. తల్లిదండ్రులు ఆ ఇద్దరి పేర్లూ కలిపి పిల్లాడికి పెట్టేశారు. మన దగ్గర కూడా ఎన్నికల ఏడాది పుట్టిన పిల్లలకు నాయకుల పేర్లు పెట్టడం మామూలే కదా!

ఇంటినిండా పిల్లలు. తండ్రి మిన్నెసోటాలో ఒసాకిస్ అనే సరస్సు మీద జనాన్ని అటూ ఇటూ దాటించే ఆవిరి పడవ నడిపేవాడు. ఆ కుటుంబంలో తరచూ చెప్పుకునే కథ ఒకటుంది. సరస్సు మీద ఇంకో పడవవాడితో తండ్రికి పోటీ వచ్చిందట. సగం దూరంలో బాయిలర్‌లోకి కట్టెలు అయిపోయాయి. తండ్రి వెనకాడలేదు. పడవలో ఉన్న కుర్చీలూ బల్లలూ విరగ్గొట్టించి నిప్పులో వేయించాడు. పందెం గెలిచాడు. అప్పటికి ఎనిమిదేళ్లున్న వుడ్ ఆ పడవలోనే ఉన్నాడంటారు. కథలో ఎంత నిజమో, చెప్పగా చెప్పగా ఎంత పెరిగిందో గానీ, అతని తర్వాతి జీవితం చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

బొగ్గు లారీ దగ్గర దొరికిన జీవనం

1911 నాటికి వుడ్‌కు ముప్ఫయ్యేళ్లు. పెళ్లయింది. ఉన్నది డులూత్ అనే రేవు పట్నంలో. ఇంజన్ల పని బాగా వచ్చు కానీ చేతిలో డబ్బు లేదు. అప్పట్లో లారీలో తెచ్చిన బొగ్గును దించాలంటే డ్రైవర్ తొట్టి పక్కన నిలబడి చేత్తో హ్యాండిల్ తిప్పుతూ ఉండాలి. టన్నుల బరువును గేర్ల సాయంతో అంగుళం అంగుళం లేపాలి. ఎముకలు కొరికే చలిలో ఒక డ్రైవర్ అలా అవస్థపడటం వుడ్ కంటపడింది. లారీకి ఇంజన్ ఉంది కదా, తొట్టిని మనిషెందుకు ఎత్తాలి అన్నది అతనికి వచ్చిన ప్రశ్న.

సమాధానం చూడ్డానికి తేలిక. ఇంజన్ నుంచి కొంత శక్తి తీసుకుని ఒక పంపును తిప్పాలి. ఆ పంపు నూనెను సిలిండర్‌లోకి తోస్తుంది. సిలిండర్‌లో పిస్టన్ లేస్తుంది, దాంతో తొట్టి లేస్తుంది. వాల్వు తెరిస్తే నూనె వెనక్కి వస్తుంది, తొట్టి తన బరువుకే దిగుతుంది. ఇందులో కొత్త సైన్స్ ఏమీ లేదు. హైడ్రాలిక్ లిఫ్టులు అప్పటికే ఉన్నాయి. కొత్తదల్లా దాన్ని రోడ్డు మీద కుదుపులు తినే లారీ కింద ఇరుకులో పట్టించడం, నూనె కారకుండా నిలబెట్టడం, లారీ యజమాని కొనగలిగే ధరకు ఇవ్వడం. ఉన్న కొద్దిపాటి డబ్బూ అందులో పెట్టి చేశాడు. పేటెంట్లు తీసుకున్నాడు. లారీలు తయారయ్యే డెట్రాయిట్‌కు మకాం మార్చి, తమ్ముళ్లను పిలిపించుకుని కంపెనీ పెట్టాడు. సరిగ్గా అప్పుడే గుర్రబ్బండ్లు పోయి లారీలు వస్తున్నాయి. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. అయిదారేళ్లలో డబ్బుకు లోటులేని మనిషయ్యాడు.

ఇక్కడ ఒక మాట. కాలేజీ సెమినార్లలో పాషన్‌నే ఉద్యోగం చేసుకోమని చెప్పిపోయే వక్తల్ని మీరూ నేనూ చాలామందినే విన్నాం. వుడ్ అలా చేయలేదు. అతని పాషన్ పడవలు. అన్నం పెట్టింది లారీ. పడవల్లో అతను పోసినంత డబ్బు పడవలు ఎప్పుడూ తిరిగి తేలేదు. తెస్తాయని అతను అనుకున్నట్టు కూడా కనపడదు.

ఎవరికీ అక్కర్లేని పడవ

1915లో మిస్ డెట్రాయిట్ అనే పడవ అమెరికాలో పెద్ద బోటు పందెమైన గోల్డ్ కప్పును గెలిచింది. ఊరి క్లబ్బు చందాలు వేసుకుని కట్టించుకున్న పడవ అది. గెలిచాక సంబరాలు బాగానే చేసుకున్నారు కానీ ఖర్చు భరించడం కష్టమైంది. మరుసటి ఏడు దాన్ని అమ్మకానికి పెట్టారు. డెట్రాయిట్‌లో లక్షాధికారులైన కార్ల యజమానులు ఎంతోమంది ఉన్నా కొన్నది మాత్రం కొత్తగా డబ్బు చూసిన ఈ హాయిస్టుల మనిషి.

వుడ్ అంతటితో ఆగలేదు. ఆ పడవను కట్టిన క్రిస్ స్మిత్‌ను వెతుక్కుంటూ డెట్రాయిట్‌కు ఎగువన సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఉన్న ఆల్గొనాక్ అనే చిన్న ఊరికి వెళ్లాడు. ఆ కంపెనీలో పెద్ద వాటా కొనేశాడు. కొన్నేళ్ల తర్వాత స్మిత్ కుటుంబం విడిపోయి సొంతంగా పెట్టుకున్న సంస్థే తర్వాత క్రిస్ క్రాఫ్ట్‌గా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. కానీ ఆల్గొనాక్‌లో వుడ్‌కు దొరికిన అసలు నిధి నాకు తెలిసి వేరే ఉంది. న్యాప్ లిసీ అనే వడ్రంగి. వుడ్ పడవలు చాలామటుకు అతని చేతుల్లో తయారయ్యాయి. అతనికి ఇంజనీరింగ్ పట్టాలేమీ లేవు. చెక్కను చేత్తో తడిమి, కంటితో కొలిచి, పడవ అడుగు ఎక్కడ ఎంత వంపు తిరగాలో తేల్చేవాడు. ఇంజన్ల మనిషి, చెక్క మనిషి కలిసి పనిచేసినన్నాళ్లూ వాళ్లకు ఎదురు లేకుండా పోయింది. 1917 నుంచి 1921 దాకా వరసగా అయిదేళ్లు గోల్డ్ కప్ వుడ్‌దే.

అసలు పడవ వేగంగా పోవడంలో కష్టమేంటో కొంచెం చెప్పాలి. మామూలు లాంచీ నీటిని పక్కకు తోసుకుంటూ పోతుంది. వేగం పెంచేకొద్దీ ముందర నీటి గుట్ట పెరుగుతుంది. ఇంజన్ బలం రెట్టింపు చేసినా వేగం కాస్తే పెరుగుతుంది. దీనికి విరుగుడు నీళ్లలోంచి పైకి లేవడమే. పడవ అడుగున మధ్యలో ఒక మెట్టులాంటిది పెడితే, తగినంత వేగం రాగానే పడవ ఎత్తుకుని, అడుగులో కొద్ది భాగమే నీటికి తగులుతూ జారిపోతుంది. చెరువులో పలక రాయి విసిరితే గెంతుకుంటూ పోయినట్టు. కానీ అలా లేవాలంటే తక్కువ బరువులో చాలా బలం కావాలి. పడవ ఇంజన్లు అప్పట్లో దుంగల్లా ఉండేవి. బరువు తక్కువ, బలం ఎక్కువ ఉన్న ఇంజన్ ఒక్కచోటే ఉంది, విమానంలో.

27,000 సీసీ

1917లో అమెరికా యుద్ధంలోకి దిగగానే ప్రభుత్వం ఒకే రకం విమాన ఇంజన్‌ను గుట్టలుగా చేయించాలనుకుంది. ప్యాకార్డ్ కంపెనీకి చెందిన జెస్సీ విన్సెంట్, కాలిఫోర్నియాకు చెందిన ఇ.జె. హాల్ వాషింగ్టన్‌లోని ఒక హోటల్ గదిలో కూర్చుని కొద్ది రోజుల్లో డిజైన్ గీసిచ్చారు. పేరు లిబర్టీ. 12 సిలిండర్లు, వీ ఆకారం, సుమారు 400 హార్స్‌పవర్. మీ బైకు ఇంజన్ 150 సీసీ అనుకుంటే, ఇది 27,000 సీసీ. ఫోర్డ్, లింకన్, ప్యాకార్డ్ అన్నీ కలిసి 20 వేలకు పైగా చేశాయి. ఇంతలో 1918 నవంబర్‌లో యుద్ధం అయిపోయింది. కొత్త ఇంజన్లు పెట్టెల్లోనే ఉండిపోయాయి. వాటితో ఏం చేయాలో ప్రభుత్వానికి పాలుపోలేదు.

వుడ్ వాటిని పెద్ద సంఖ్యలో కొన్నాడు, తయారీ ఖర్చుతో పోలిస్తే బాగా తక్కువ ధరకే. అందరికీ అది యుద్ధం మిగిల్చిన తుక్కు. కానీ కొన్నంత మాత్రాన అవి పడవలో నడవవు. విమానంలో ఇంజన్‌ను చల్లబరిచేది ఎదురుగాలి తగిలే రేడియేటర్. పడవలో కింద నదే ఉంది కాబట్టి ఆ నీళ్లనే పంపుతో లాగి ఇంజన్ చుట్టూ తిప్పాలి. విమానంలో పొగ గొట్టాలు ఎర్రగా కాలినా గాలికి చల్లారతాయి. చెక్క పడవలో అవి కాలితే నిప్పంటుకుంటుంది, కాబట్టి వాటి చుట్టూ కూడా నీటి తొడుగు వేయాలి. విమానానికి రివర్స్ గేర్ అక్కర్లేదు, పడవను ఒడ్డుకు చేర్చాలంటే కావాలి. అలల కుదుపుకు నూనె ఒక మూలకు పోయి బేరింగులు ఎండిపోకుండా చూడాలి. వుడ్ మనుషులు ఈ పనుల్ని ఒక పద్ధతిగా చేయడం నేర్చుకున్నారు. అలా మార్చిన ఇంజన్లను బిగించి బేబీ గార్ పేరుతో 33 అడుగుల పడవలు కట్టి డబ్బున్నవాళ్లకు అమ్మారు కూడా.

మీలో ఎవరైనా పాత ల్యాప్‌టాప్ విప్పి సర్వర్‌గా మార్చుకున్నవాళ్లుంటే ఈ పనిలోని ఆనందం చెప్పక్కర్లేదు. ఒక పనికి పుట్టిన యంత్రాన్ని ఇంకో పనికి ఒప్పించడం. బొగ్గు లారీ దగ్గరా అతను చేసిందిదే, నది మీదా ఇదే.

1920లో రెండు లిబర్టీ ఇంజన్లు బిగించిన మిస్ అమెరికా అనే 26 అడుగుల పడవతో ఇంగ్లండ్ వెళ్లాడు. హార్మ్స్‌వర్త్ ట్రోఫీ అని దేశాల మధ్య జరిగే పందెం ఉంది. పడవా ఇంజనూ పోటీ చేసే దేశంలోనే తయారవ్వాలన్నది దాని నియమం. ఐల్ ఆఫ్ వైట్ దగ్గర సముద్రంలో బ్రిటిష్ పడవల్ని ఓడించి ట్రోఫీని అమెరికాకు తెచ్చాడు. మరుసటి ఏడాది బ్రిటిష్ వాళ్లు డెట్రాయిట్ వస్తే, ఈసారి నాలుగు లిబర్టీలు పెట్టిన మిస్ అమెరికా టూతో ఎదురెళ్లాడు. అప్పటినుంచి 1933 దాకా ఆ ట్రోఫీ వుడ్ కుటుంబం చేయి దాటలేదు.

ఇంకోపక్క గోల్డ్ కప్ నిర్వాహకులకు విసుగొచ్చింది. ఇతనితో ఎవరు పోటీపడతారు? 1922 నుంచి ఇంజన్ పరిమాణానికి హద్దు పెట్టి, మెట్టున్న పడవల్ని నిషేధించి రూల్స్ మార్చేశారు. ఆ నియమాలు పేరు చెప్పకుండా ఒక్క మనిషి కోసం రాసినవని అందరికీ తెలుసు. నాకైతే నిర్వాహకుల మీద కొంచెం జాలే. విమాన ఇంజన్లు అరడజను కొనగలిగినవాడే గెలిచే పందెం పందెమెలా అవుతుంది?

రైళ్లతో కూడా పందెం కాశాడు. 1921లో మయామీ నుంచి న్యూయార్క్‌కు, దాదాపు 2,000 కిలోమీటర్లు, సముద్రం మీద 48 గంటల లోపే వెళ్లి హవానా స్పెషల్ అనే రైలు కంటే 21 నిమిషాలు ముందు చేరాడు. 1925లో హడ్సన్ నది మీద ఇంకో పేరున్న రైలును ఓడించాడు. ఇవి క్రీడలో లెక్కకు రావు, ప్రచారం బాగా తెచ్చాయి.

నది అడుగున దొరికిన ఇంజన్లు

1928 నాటికి లిబర్టీ కాలం అయిపోయింది. ప్యాకార్డ్ కంపెనీ 41 లీటర్ల విమాన ఇంజన్లు చేస్తోంది. అలాంటివి రెండు పెట్టి మిస్ అమెరికా సిక్స్ కట్టారు. హార్మ్స్‌వర్త్ పందేనికి కొద్ది వారాల ముందు సెయింట్ క్లెయిర్ నది మీద వుడ్, అతని మెకానిక్ ఓర్లిన్ జాన్సన్ దాన్ని పరీక్షించడానికి బయల్దేరారు. జాన్సన్ గురించి చెప్పకపోతే తప్పు. చాలా పందేల్లో వుడ్ పక్కన కూర్చుని ఇంజన్ల చప్పుడు వింటూ, మీటర్లు చూస్తూ, అవసరమైతే చేయి కాల్చుకుంటూ నడిపించింది అతనే. ఫొటోల్లో ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకున్నవాడే కనిపిస్తాడు.

పూర్తి వేగం అందుకునే సమయంలో పడవ అడుగు విడిపోయింది. ఆ వేగంలో నీళ్లు కాంక్రీటు కంటే మెత్తగా ఏమీ ఉండవు. ముక్కలుగా చెదిరిపోయింది. ఇద్దరూ ఎగిరి నదిలో పడ్డారు. వుడ్ స్వల్పంగా దెబ్బలతో బయటపడ్డాడు. జాన్సన్‌కు తీవ్ర గాయాలయ్యాయి. ఇంజన్లు మునిగిపోయాయి.

వేరేవాళ్లయితే ఆ ఏడాదికి పందెం వదిలేసేవాళ్లు. వుడ్ నది అడుగు గాలించి ఇంజన్లను పైకి తీయించాడు. వాటిని నట్టు నట్టూ విప్పి, బురద కడిగి, నూనె పట్టించి, మళ్లీ బిగించారు. నీళ్లలో మునిగిన ఇంజన్‌ను గాలి తగలగానే తుప్పు అందుకుంటుంది, కాబట్టి ఇది తీరిగ్గా చేసే పని కాదు. మరోపక్క లిసీ తన వడ్రంగులతో కొత్త పడవ మొదలుపెట్టాడు. రెండు వారాల్లో మిస్ అమెరికా సెవెన్ నీళ్లలోకి దిగింది. మునిగిన ఇంజన్లతోనే 1928 హార్మ్స్‌వర్త్ గెలిచాడు. ఆ ఏడు పోటీకి వచ్చిన మారియన్ కార్‌స్టేర్స్ అనే బ్రిటిష్ మహిళ పడవ బోల్తాకొట్టింది. పక్కటెముకలు విరిగినా ఆమె తర్వాతి రెండేళ్లూ మళ్లీ పోటీకి వచ్చింది. మోటారు కోసం మొండితనం చేయడం మగవాళ్ల సొత్తు అనుకునే కాలంలో ఆమెది వేరే కథ, ఎప్పుడైనా చదవండి.

నెగ్గినవాడి మీద మచ్చ

1929 మార్చిలో మయామీలో బ్రిటన్‌కు చెందిన హెన్రీ సీగ్రేవ్ ఒక పందెంలో వుడ్‌ను ఓడించాడు. వుడ్ పడవ స్టీరింగ్ పాడైంది. తొమ్మిదేళ్లలో అదే అతని మొదటి ఓటమి. సీగ్రేవ్ నేల మీద కారు వేగంలోనూ రికార్డు ఉన్నవాడు. 1930 జూన్ 13న ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సు మీద మిస్ ఇంగ్లండ్ టూ పడవలో గంటకు 98.76 మైళ్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆ వెంటనే ఇంకో పరుగులో పడవ తిరగబడింది. సీగ్రేవ్ చనిపోయాడు. రోల్స్‌రాయిస్ ఇంజనీరు విక్టర్ హాలివెల్ కూడా చనిపోయాడు. ఈ సరదాకు ధర ఎంతో మనం మరిచిపోకూడదు, ముఖ్యంగా మెకానిక్‌లు కట్టిన ధర.

ఆ పడవను కూడా సరస్సు అడుగు నుంచి తీసి బాగుచేశారు. స్టీరింగ్ ఈసారి కే డాన్‌కు ఇచ్చారు. 1931 మార్చి 20న వుడ్ మయామీలో గంటకు 102 మైళ్లు దాటాడు. రెండు వారాలు తిరగకుండానే డాన్ అర్జెంటీనాలో దాన్ని దాటేశాడు. ఆ సెప్టెంబర్‌లో ఇద్దరూ డెట్రాయిట్ నది మీద ఎదురెదురయ్యారు. ఒడ్డున లక్షలమంది జనం.

మొదటి పరుగు డాన్ గెలిచాడు. రెండోదానికి ముందు వుడ్ పడవలో ఇంధనం ట్యాంకు సమస్య వచ్చింది. కాస్త టైమ్ ఇమ్మని అడిగితే డాన్ వైపు వాళ్లు ఒప్పుకోలేదు. ఎలాగో సమయానికి వచ్చిన వుడ్, మొదలుపెట్టే తుపాకీ పేలకముందే గీత దాటేశాడు. అతని వెంటే డాన్ దాటాడు. అయిదు సెకన్ల కంటే ముందు దాటితే అనర్హత. ఇద్దరూ పోయారు! మలుపులో డాన్ పడవ తిరగబడింది, అదృష్టం బాగుండి అందరూ బతికారు. వుడ్ వర్గం తరఫున అతని సోదరుడు జార్జ్ ఇంకో పడవలో వెనక ఉన్నాడు. అతను నింపాదిగా పరుగు పూర్తిచేసి ట్రోఫీని ఇంట్లోనే ఉంచాడు.

అది పథకమా, ఆ క్షణంలో జరిగిన పొరపాటా? బ్రిటిష్ పత్రికలు మోసమన్నాయి. అమెరికన్లలోనూ చాలామందికి నచ్చలేదు. నా ఉద్దేశం అడిగితే, అన్నేళ్లు గీత దగ్గర సెకన్లు లెక్కపెట్టిన మనిషికి తాను ముందున్నానని తెలియదంటే నమ్మడం కష్టం. డాన్‌ను తన వెంట రమ్మని వుడ్ బలవంతపెట్టలేదు, గడియారం డాన్ దగ్గరా ఉంది. అయినా మచ్చ మచ్చే. వుడ్ పేరెత్తితే ఇప్పటికీ ఆ రోజు ప్రస్తావన రాకుండా ఉండదు.

మచ్చ చెరుపుకోవడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే, ఇంకా పెద్ద పడవ. మిస్ అమెరికా టెన్. 38 అడుగుల పొడవు, నాలుగు ప్యాకార్డ్ ఇంజన్లు, కలిపి 6,400 హార్స్‌పవర్. ఒక్కో ప్రొపెల్లర్‌కు రెండేసి ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి. 1932 జూలైలో డాన్ స్కాట్లండ్‌లో గంటకు 119.81 మైళ్లు అందుకున్నాడు. సెప్టెంబర్ 20న వుడ్ సొంత నది మీద 124.86 మైళ్లు చేశాడు. మన లెక్కలో 200 కిలోమీటర్లు. అప్పటికి అతనికి 51 ఏళ్లు. పడవలో శకునం కోసం లైఫ్ జాకెట్లు తొడిగిన రెండు టెడ్డీ బేర్ బొమ్మలు కట్టి ఉండేవి. ఆ రికార్డు అయిదేళ్లు నిలిచింది. 1933లో హ్యూబర్ట్ స్కాట్ పెయిన్ ఒకే ఇంజన్ ఉన్న చిన్న, తేలికైన పడవతో వచ్చి నాలుగింజన్ల రాక్షసికి గట్టి పోటీ ఇచ్చాడు. వుడ్ గెలిచాడు, పందేలకు అక్కడితో స్వస్తి చెప్పాడు. రాబోయే కాలం ఎవరి డిజైన్‌దో అతని కళ్లకు కనపడే ఉంటుంది.

మిగిలిన పని

ఇంతకాలం లారీ వ్యాపారం ఆగలేదు. 1930లో మిషిగన్ రాష్ట్రం మేరీస్‌విల్‌లో పడవల ఫ్యాక్టరీ తెరిచాడు. మాంద్యం మొదలైన సమయంలో విలాస పడవల ఫ్యాక్టరీ! టిప్పర్ తొట్లు, ట్యాంకర్లు, వించ్‌లు అమ్ముడుపోతూ ఉండబట్టి అది బతికింది. 1938లో ఆ కంపెనీయే చెత్తను హైడ్రాలిక్‌తో నొక్కి కుదించే లారీ తెచ్చింది. మన కార్పొరేషన్ చెత్త కాంపాక్టర్ వెనక నుంచి చెత్తను లోపలికి నొక్కుతుంది చూశారా, అలాంటిదే. పడవల తయారీ 1947లో ఆపేశారు.

ప్యాకార్డ్ ఇంజన్ల కథ కూడా అక్కడితో ఆగలేదు. మిస్ అమెరికాలను నడిపిన ఇంజన్ల వంశంలోదే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళపు పీటీ బోట్లకు బిగించిన ఇంజన్. యువ లెఫ్టినెంట్‌గా జాన్ కెన్నెడీ నడిపిన పీటీ 109లో అలాంటివి మూడున్నాయి.

ముసలితనంలో ఫ్లోరిడాలో ఫిషర్ ఐలండ్ అనే దీవి కొనుక్కుని ఉన్నాడు. ఊరికే ఉన్నాడనుకోకండి. సముద్రపు అలల్లో కుదుపు లేకుండా పోయే జంట అడుగుల పెద్ద పడవ కట్టాడు. 1967లో, 86 ఏళ్ల వయసులో, బ్యాటరీలతో నడిచే కారు తయారీలో తలమునకలయ్యాడు. పెట్రోలు చవగ్గా దొరుకుతున్న అమెరికాలో అప్పుడు దాని అవసరం ఎవరికీ కనపడలేదు. 1971 జూన్ 19న మయామీలో కన్నుమూశాడు.

గార్ వుడ్ పేరుతో వచ్చిన ఆ మహాగని చెక్క పడవలు అమెరికాలో ఇప్పటికీ కొన్ని తిరుగుతున్నాయి. ఏళ్లతరబడి కొట్టంలో పడి ఉన్నదాన్ని కొని, షెడ్డులో పెట్టుకుని, శని ఆదివారాలు పనిచేసి బతికించే మనుషులున్నారు. పని చాలామటుకు అడుగుభాగంలోనే. కుళ్లిన పలకలు తీసి కొత్తవి వేయాలి, వేల కొద్దీ స్క్రూలు ఒక్కోటీ మార్చాలి. అంతా అయ్యాక కూడా పడవను నేరుగా నదిలోకి వదలరు. ఆరిన చెక్క కుంచించుకుపోయి పలకల మధ్య సందులుంటాయి. అందుకని బెల్టులకు వేలాడదీసి నీళ్లలోకి దించి ఉంచుతారు. మొదట నీళ్లు లోపలికి కారతాయి, పంపుతో తోడుతుంటారు. ఒకటి రెండు రోజులకు చెక్క నీరు తాగి ఉబ్బుతుంది. సందులు వాటంతటవే మూసుకుపోతాయి. అప్పుడు బెల్టులు విప్పి ఇంజన్ స్టార్ట్ చేస్తారు.